సూపర్‌సోనిక్ ప్రవాహంలో ఎక్స్‌పాన్షన్ వేవ్ దాటాక పీడనం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో మెకానికల్ ఫైనలియర్ పిల్లలకూ, గేట్ రాసేవాళ్లకూ గ్యాస్ డైనమిక్స్ చెబుతుంటాను. ఆదివారం క్లాసుకు కర్నూలు నుంచీ, కడప నుంచీ కూడా తెల్లవారుజామునే బస్సెక్కి వచ్చేవాళ్లున్నారు. షాక్ వేవ్ (దాటగానే పీడనం ఒక్కసారిగా పెరిగే సన్నటి తరంగం) పాఠం సాఫీగానే సాగుతుంది. ఎక్స్‌పాన్షన్ దగ్గరికి వచ్చేసరికి ఏటా అవే ప్రశ్నలు, అవే తప్పులు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

లెక్కలన్నీ గాలికి, గామా (రెండు స్పెసిఫిక్ హీట్‌ల నిష్పత్తి) 1.4. పీ అంటే స్టాటిక్ పీడనం. పీ0 అంటే టోటల్ ప్రెషర్, అంటే గాలిని ఏ నష్టం లేకుండా ఆపితే వచ్చే పీడనం, కొన్ని పుస్తకాల్లో దాన్నే స్టాగ్నేషన్ ప్రెషర్ అంటారు. ఎం అంటే మాక్ నంబర్, గాలి వేగం ధ్వని వేగానికి ఎన్ని రెట్లో ఆ లెక్క.

ప్రశ్న: అసలు ఎక్స్‌పాన్షన్ వేవ్ ఎక్కడ పుడుతుంది?

ధ్వని కంటే వేగంగా పోతున్న గాలి పక్కనే ఒక గోడ ఉందనుకోండి. ఒక మూల దగ్గర ఆ గోడ అవతలికి తిరిగిపోయింది. గాలి గోడను అంటిపెట్టుకుని పోవాలి కాబట్టి తనూ అటే తిరగాలి. కానీ ముందు మూల ఉందని దానికి ముందే తెలిసే దారి లేదు. గాలిలో ఏ కబురైనా ధ్వని వేగంతోనే పోతుంది, ఆ కబురు ఎదురీదలేక వెనక్కి కొట్టుకుపోతుంది. అందుకని మూల ప్రభావమంతా ఒక వాలు గీత దాటాకే మొదలవుతుంది. ఆ గీతే మాక్ లైన్. అది ప్రవాహంతో చేసే కోణం సైన్ విలువ 1/ఎం. మాక్ 2 దగ్గర సరిగ్గా 30 డిగ్రీలు.

మూల నుంచి ఇలాంటి గీతలు ఒకటి కాదు, లెక్కలేనన్ని బయల్దేరతాయి. ఒక్కో గీత దాటినప్పుడల్లా గాలి ఇసుమంత తిరుగుతుంది, వేగం ఇసుమంత పెరుగుతుంది, పీడనం ఇసుమంత తగ్గుతుంది. ఈ గీతల గుంపునే ఎక్స్‌పాన్షన్ ఫ్యాన్ అంటారు. ఫ్యాన్ అనగానే సీలింగ్ ఫ్యాన్ తలచుకుని తికమకపడే పిల్లలు ప్రతి బ్యాచ్‌లో ఒకరిద్దరు ఉంటారు. ఇది విసనకర్ర. పిడి మూల దగ్గర ఉంటుంది, ఈనెలు మాక్ లైన్లు.

ప్రశ్న: గోడ దూరం జరిగితే చోటు పెరుగుతుంది కదా సార్. చోటు పెరిగితే వేగం తగ్గి పీడనం పెరగాలి కదా?

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. అడిగినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. మనం పుట్టినప్పటి నుంచీ చూసిన నీళ్లూ గాలీ అన్నీ అలాగే నడుస్తాయి మరి. కె.సి. కాలువ వెడల్పైన చోట నీళ్లు నెమ్మదిస్తాయి, ఇరుకైన చోట పరుగెడతాయి.

ధ్వనిని దాటాక తేడా ఎక్కడ వస్తుందంటే సాంద్రత దగ్గర. గాలి వేగం 1 శాతం పెరిగితే దాని సాంద్రత ఎంత తగ్గుతుంది? ఎం వర్గమంత శాతం. మాక్ 0.3 దగ్గర అది 0.09 శాతం, పట్టించుకోనక్కర్లేదు. వేగం పెరిగింది, సాంద్రత అలాగే ఉంది, కాబట్టి అదే ద్రవ్యరాశి పోవడానికి చోటు తక్కువ చాలు. మాక్ 2 దగ్గర కథ వేరు. వేగం 1 శాతం పెరిగితే సాంద్రత 4 శాతం పడిపోతుంది. రెండూ కలిపి చూస్తే చదరపు మీటరుకు పోయే గాలి 3 శాతం తగ్గింది. అదే గాలి పోవాలంటే చోటు 3 శాతం పెరగాల్సిందే. అంటే ఇక్కడ గాలి వేగం పుంజుకోవాలంటే చోటు కావాలి. గోడ తొలిగి ఆ చోటు ఇచ్చింది, గాలి వాడుకుంది, పీడనం పడింది.

నీళ్లలోనూ దీనికి బంధువు ఉంది. సుంకేసుల లాంటి బ్యారేజీలో గేటు కొద్దిగా ఎత్తినప్పుడు కింద నుంచి నీళ్లు పలచటి పొరలా దూసుకొస్తాయి. కొంత దూరం పోయాక ఒక్కసారిగా లేచి, నురగలు కక్కి, నెమ్మదిస్తాయి. ఆ లేచే చోటు మన షాక్‌కు పోలిక. లేవకముందు ఆ పలచటి పొరకు పక్కగోడ అవతలికి తిరిగితే నీళ్లు ఇంకా పలచబడి ఇంకా వేగంగా పోతాయి. అది ఎక్స్‌పాన్షన్‌కు పోలిక. ఇక్కడ నీటి లోతు పీడనం పాత్ర పోషిస్తుంది. అంకెలు మాత్రం కలవవు, లోతు తక్కువ నీళ్లు గామా 2 ఉన్న వాయువులా నడుస్తాయి.

ప్రశ్న: షాక్ ఒక్క గీతలా ఉంటుంది. ఇదెందుకు విచ్చుకుంటుంది?

హైవే 44 మీద కర్నూలు వైపు పోతుంటే టోల్‌గేట్ దగ్గర ఏం జరుగుతుందో చూడండి. గేటుకు ముందు ఆగిన వరస వెనక కొత్తగా వచ్చే బండ్లన్నీ గబుక్కున బ్రేకు వేస్తాయి. ఖాళీ రోడ్డుకూ ఇరుకు వరసకూ మధ్య ఒక గీత గీసినట్టే ఉంటుంది. గేటు దాటాక అలా కాదు. మొదటి కారు వేగం అందుకుంటుంది, దాని వెనకది కాస్త ఆలస్యంగా, దాని వెనక లారీ ఇంకాస్త ఆలస్యంగా. మధ్య దూరాలు పెరుగుతూ పోతాయి.

గాలిలో కారణం ఇదీ. మొదటి మాక్ లైన్ దాటిన గాలి మాక్ నంబర్ పెరిగింది, అంటే తర్వాతి గీత ఇంకా వాలుగా పడుకుంటుంది. పైగా గాలి దిశ కూడా కొంచెం కిందికి తిరిగింది. రెండూ కలిసి రెండో గీతను మొదటిదానికి దూరంగా నెడతాయి. గోడ గాలికి ఎదురు తిరిగితే రెండూ తలకిందులవుతాయి. గీతలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కి చిక్కబడి షాక్ అవుతాయి.

ప్రశ్న: అలాంటప్పుడు పీడనం ఒక్కసారిగా పడిపోయే షాక్ ఉండనే ఉండదా?

గాలిలో ఉండదు. సమీకరణాల్లో అంకెలు పెడితే జవాబు వస్తుంది, కానీ ఎంట్రోపీ తగ్గినట్టు తేలుతుంది. థర్మోడైనమిక్స్ రెండో నియమం దానికి ఒప్పుకోదు. పరీక్షలో ఇదే వాక్యం రాయండి, చాలు.

ప్రశ్న: లెక్క మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చేసి చూపిస్తారా?

మాక్ 2తో వస్తున్న గాలి, పీడనం 100 కిలోపాస్కల్, ఉష్ణోగ్రత 27 డిగ్రీల సెల్సియస్. గోడ 10 డిగ్రీలు అవతలికి తిరిగింది. ఇవతలి పీడనం పీ1, అవతలి పీడనం పీ2 అనుకుంటే, పీ2 ఎంత?

కావలసినవి రెండే సూత్రాలు. మొదటిది ప్రాంట్ల్-మేయర్ ఫంక్షన్, పిల్లలు న్యూ అని పిలిచేది:

న్యూ = 2.449 × టాన్ ఇన్వర్స్ [ √(ఎం² − 1) ÷ 2.449 ] − టాన్ ఇన్వర్స్ [ √(ఎం² − 1) ]

2.449 ఎక్కడిదంటే గామా ప్లస్ ఒకటిని గామా మైనస్ ఒకటితో భాగిస్తే 6 వస్తుంది, దాని వర్గమూలం. న్యూ అర్థం తేలికే. మాక్ 1 దగ్గర మొదలైన గాలి ఎన్ని డిగ్రీలు తిరిగితే ఈ మాక్ నంబర్ అందుకుంటుందో ఆ లెక్క. మాక్ 1కి సున్నా, 1.5కి 11.9, 2కి 26.38, 2.5కి 39.12, 3కి 49.76 డిగ్రీలు.

రెండోది:

పీ0/పీ = (1 + 0.2 × ఎం²)^3.5

ఇప్పుడు చేద్దాం. మన గాలి మాక్ 2 దగ్గర ఉంది, అంటే 26.38 డిగ్రీలు ఇప్పటికే దాని ఖాతాలో జమ అయినట్టు. ఇంకో 10 కలపండి, 36.38. ఏ మాక్ నంబర్‌కు న్యూ 36.38 అవుతుంది? న్యూ నుంచి ఎం రాబట్టే నేరు సూత్రం లేదు, పట్టిక చూడాలి లేదా కాలిక్యులేటర్‌లో అటూ ఇటూ వేసి పట్టుకోవాలి. 2.385 వస్తుంది.

మాక్ 2 దగ్గర పీ0/పీ విలువ 7.824. మాక్ 2.385 దగ్గర 14.28. పీ0 రెండుచోట్లా ఒకటే కాబట్టి పీ2/పీ1 = 7.824 ÷ 14.28 = 0.548. జవాబు 54.8 కిలోపాస్కల్. పది డిగ్రీల మలుపుకే పీడనం దాదాపు సగానికి వచ్చింది. ఉష్ణోగ్రత కూడా 300 కెల్విన్ నుంచి 253కి, అంటే మైనస్ 20 సెల్సియస్‌కు పడింది.

ఇక్కడ జరిగే తప్పులు మూడు. మొదటిది భాగహారం తిరగేయడం, అప్పుడు 1.825 వస్తుంది. ఎక్స్‌పాన్షన్ తర్వాత పీడనం పెరిగిందని రాసి తర్వాతి ప్రశ్నకు పోతారు! రెండోది 26.38ని మరిచిపోయి 10 డిగ్రీలకే పట్టిక చూడడం. అలా చేస్తే మాక్ నంబర్ 1.4 చిల్లర వస్తుంది, 2 కంటే తక్కువ. అప్పుడైనా అనుమానం రావాలి. మూడోది 10 డిగ్రీలు కలపాల్సింది పోయి తీసేయడం. ఇది కాస్త గమ్మత్తైన తప్పు. పీడన నిష్పత్తి 1.7 దగ్గర వస్తుంది, అది గోడ 10 డిగ్రీలు ఎదురు తిరిగితే షాక్ ఇచ్చే జవాబుకు దాదాపు సమానం. అంటే తెలియకుండానే వేరే ప్రశ్నకు సరైన జవాబు రాశారన్నమాట.

ప్రశ్న: డిగ్రీకి ఇంత శాతం అని ఒక అంకె చెప్పండి సార్, గుర్తుపెట్టుకుంటాం.

చెబుతాను, కానీ జాగ్రత్తగా వాడుకోండి. చిన్న మలుపుకు పీడనం తగ్గే వంతు = గామా × ఎం² ÷ √(ఎం² − 1) × మలుపు, మలుపు రేడియన్లలో. మాక్ 2 దగ్గర డిగ్రీకి 5.6 శాతం. మాక్ 3 దగ్గర 7.8 శాతం.

దీన్ని పట్టుకుని పది డిగ్రీలకు 56 శాతం పోయి 0.44 మిగులుతుందని రాస్తారు. అసలు జవాబు 0.548. తేడా ఎందుకంటే రెండో డిగ్రీలో 5.6 శాతం తగ్గేది మొదటి 100లోంచి కాదు, అప్పటికి మిగిలిన 94.4లోంచి. చక్రవడ్డీని తిరగేసినట్టు. అలాగని రేటు కూడా నిలకడగా ఉండదు, మాక్ నంబర్ పెరిగేకొద్దీ 5.6 కాస్తా 2.385 దగ్గర 6.4 అవుతుంది. సగటు 6.03 తీసుకుని, పది డిగ్రీలకు 0.603 అనుకుని, e (2.718) పవర్ మైనస్ 0.603 వేయండి. 0.547. మూడో దశాంశంలో తప్ప తేడా లేదు.

ఈ రేటులో ఒక ముచ్చట ఉంది. మాక్ 1.41 దగ్గర, అంటే √2 దగ్గర, ఇది అతి తక్కువ, డిగ్రీకి 4.9 శాతం. అక్కడి నుంచి ఎటు పోయినా పెరుగుతుంది. మాక్ 1ని ఆనుకుని అయితే అనంతమవుతుంది, అక్కడ ఈ సూత్రం పనిచేయదు.

ప్రశ్న: పీ0 నిజంగా ఏమాత్రం మారదా?

ఎక్స్‌పాన్షన్ ఫ్యాన్‌లో మారదు. స్టాటిక్ పీడనం సగమైనా, ఉష్ణోగ్రత యాభై డిగ్రీలు పడినా, పీ0 కదలదు. పోయిన పీడనమంతా వేగంగా మారి ఉంటుంది, ఎవరూ కాజేయరు.

ఉద్యోగాల కోసం తిరిగే రోజుల్లో ఒక ఇంటర్వ్యూలో నన్ను ఇదే అడిగారు. పీడనం తగ్గుతుంది కాబట్టి టోటల్ ప్రెషర్ కూడా తగ్గుతుంది సార్ అన్నాను, గుక్కతిప్పుకోకుండా. ఎదుటాయన పెన్ను కింద పెట్టేశాడు. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే తప్పు తెలిసింది. అప్పటి నుంచి బోర్డు మీద ఫ్యాన్ గీసిన ప్రతిసారీ ముందు అటూ ఇటూ పీ0 = పీ0 అని రాశాకే మాట్లాడతాను.

పోల్చి చూడండి. అదే మాక్ 2 గాలి, అదే 10 డిగ్రీలు, కానీ గోడ ఎదురు తిరిగింది. 39.3 డిగ్రీల షాక్ లేస్తుంది, పీడనం 1.707 రెట్లవుతుంది, మాక్ నంబర్ 1.64కి దిగుతుంది, పీ0లో ఒకటిన్నర శాతం ఎంట్రోపీ పాలవుతుంది. కొద్దిగానే పోయింది, కానీ పోయింది. మాక్ 2 దగ్గర నిటారు షాక్ వస్తే 28 శాతం దాకా పోతుంది.

ప్రశ్న: గోడ మీద గేజి పెడితే పీడనం మెల్లగా తగ్గడం కనిపిస్తుందా?

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ఫ్యాన్ అంటే మెల్లగా తగ్గడం అని చెప్పాం కదా. కానీ పదునైన మూల దగ్గర గీతలన్నీ ఒక్క బిందువు నుంచే పుడతాయి. గోడను ఆనుకుని పోయే గాలి ఆ బిందువు దగ్గరే అన్నీ ఒకేసారి దాటేస్తుంది. కాబట్టి మూలకు ఇవతల గేజి రంధ్రంలో పీ1, అవతల రంధ్రంలో పీ2. మధ్యలో మెట్టు.

గోడ నుంచి పైకి పోయేకొద్దీ విసనకర్ర వెడల్పవుతుంది. మన ఉదాహరణలో మొదటి గీత పాత దిశతో 30 డిగ్రీలు. చివరి గీత కొత్త గాలితో 24.8 డిగ్రీలు, గాలి 10 డిగ్రీలు కిందికి తిరిగింది కాబట్టి పాత దిశతో 14.8. పాత గోడ గీతకు 10 సెంటీమీటర్ల ఎత్తున లెక్కేస్తే ఫ్యాన్ మూల దాటిన 17 సెంటీమీటర్ల దగ్గర మొదలై 38 దగ్గర ముగుస్తుంది. అక్కడ పీడనం 21 సెంటీమీటర్ల మేర తాపీగా తగ్గుతుంది. గ్రాఫు పేపర్ మీద స్కేలు పెట్టి ఒకసారి గీయండి, ఇది ఇక మరిచిపోరు.

నిజమైన గోడ మీద సన్నటి బౌండరీ లేయర్ (గోడ రాపిడికి నెమ్మదించిన గాలి పొర) ఉంటుంది. అందులో గోడకు దగ్గరి గాలి ధ్వని కంటే నెమ్మదిగానే పోతుంది కాబట్టి ఆ మెట్టు కొంచెం ఒరిగి వాలు అవుతుంది. బెంగళూరులో నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ వాళ్ల 1.2 మీటర్ల ట్రైసోనిక్ టన్నెల్ లాంటి చోట్ల మోడళ్ల మీద చిన్న చిన్న రంధ్రాలు వేసి కొలిచేది ఇలాంటి పీడనాలే. మనకు బస్సులో ఐదారు గంటల దూరం.

ప్రశ్న: విమానం రెక్కకు దీంతో పనేమిటి?

చాలా ఉంది. ఒక చదునైన రేకును మాక్ 2 గాలిలో 5 డిగ్రీలు ఎత్తి పట్టుకున్నారనుకోండి. పైన ఉన్న గాలికి రేకు అవతలికి తిరిగినట్టు, కిందున్న గాలికి ఎదురు తిరిగినట్టు. పైన ఎక్స్‌పాన్షన్, పీడనం 0.747 వంతు. కింద షాక్, 1.315 రెట్లు. ఆ తేడాయే రేకును పైకి లేపుతుంది. లిఫ్ట్ కోఎఫిషియెంట్ 0.2 వస్తుంది. రెక్క మీద వంపు అక్కర్లేదు, మందం అక్కర్లేదు. కాంకర్డ్ ప్రయాణికుల విమానం ప్రయాణించిన వేగమూ సుమారు మాక్ 2 కాబట్టి ఇవి గాల్లో మేడలు కట్టే అంకెలేం కావు.

వజ్రం ఆకారపు రెక్క అయితే ఇంకో సంగతి బయటపడుతుంది. ముందు భాగం 10 డిగ్రీలు ఎదురు తిరిగింది, మధ్యలో వీపు దగ్గర 20 డిగ్రీలు అవతలికి. ముందు భాగం మీద పీడనం 1.707, వెనక భాగం మీద 0.55. ముందు నుంచి గట్టిగా తోస్తోంది, వెనక ఆసరా లేదు. గాలికి జిగట అనేదే లేకపోయినా డ్రాగ్ తప్పదు. దీన్నే వేవ్ డ్రాగ్ అంటారు.

ప్రశ్న: ఓర్వకల్లులో మిసైల్ పరీక్షల గురించి చదివాం. మిసైల్‌లో ఫ్యాన్ ఎక్కడుంటుంది?

2025లో కర్నూలు దగ్గరి డీఆర్‌డీఓ రేంజ్‌లో డ్రోన్ నుంచి వదిలే మిసైల్‌ను పరీక్షించారని వార్త వచ్చిన వారం క్లాసులో ఇదే గోల. ఏ మిసైల్ ఎంత వేగమన్నది పక్కన పెట్టి, సూపర్‌సోనిక్‌గా పోయేది ఏదైనా తీసుకోండి. ముక్కు శంకువులా ఉండి, తర్వాత గొట్టంలా తిన్నగా మారే భుజం దగ్గర మొదటి ఫ్యాన్. అక్కడ పీడనం టక్కున పడి, గొట్టం పొడవునా నెమ్మదిగా కోలుకుంటుంది. గుండ్రటి శరీరానికి మన సూత్రం భుజాన్ని ఆనుకున్న చోట మాత్రమే చెల్లుతుంది, తర్వాతి కోలుకోవడాన్ని అది చెప్పలేదు. రెండో ఫ్యాన్ తోక అంచు దగ్గర. గాలి అక్కడ లోపలికి తిరుగుతుంది, దాంతో వెనక అడుగుభాగం మీద పీడనం బయటి వాతావరణం కంటే బాగా తక్కువగా ఉంటుంది. ఆ తక్కువ పీడనం మిసైల్‌ను వెనక్కి లాగుతుంది.

ప్రశ్న: ఇది చూడాలంటే ల్యాబ్‌కే పోవాలా?

పంక్చర్ షాపుకు పోండి. బళ్లారి రోడ్డులో నేను బండి ఆపే షాపులో కంప్రెసర్ ట్యాంకు గేజి మీద ముల్లు 8 బార్ చూపిస్తుంది. ఆ కుర్రాడు దుమ్ము ఊదడానికి బ్లో గన్ నొక్కినప్పుడు వచ్చే ఆ గీకుడు శబ్దం దగ్గర ఒక ఎక్స్‌పాన్షన్ ఫ్యాన్ ఉంది.

లెక్క చూడండి. అనంతపురంలో బయటి పీడనం సుమారు 0.97 బార్. గేజి 8 అంటే మొత్తం 8.97. గొట్టంలో నష్టాలు వదిలేద్దాం. సన్నటి రంధ్రం చివర గాలి మాక్ 1 దాటలేదు, అక్కడ పీడనం 8.97 ÷ 1.893, అంటే 4.74 బార్. బయట 0.97 ఉంది, పెదవి దగ్గర 4.74 ఉంది. ఈ అంతరాన్ని సర్దేది ఎవరు? రంధ్రం అంచు నుంచి పుట్టే ఫ్యాన్. పీ0/పీ 9.25 కావాలంటే మాక్ నంబర్ 2.1 కావాలి. దానికి న్యూ దాదాపు 29 డిగ్రీలు. అంటే రంధ్రం దాటగానే గాలి అంచుల దగ్గర 29 డిగ్రీలు బయటికి ఉబుకుతుంది, గొట్టం ఎంత తిన్నగా ఉన్నా సరే. అసలు గన్‌లో నష్టాలుంటాయి కాబట్టి కొంచెం తక్కువే వస్తుంది.

ప్రశ్న: అంత వ్యాకోచిస్తే గాలి గడ్డకట్టేంత చల్లబడాలి కదా. చేయి పెడితే అంత చల్లగా లేదే?

ఈ ప్రశ్న అడిగిన అమ్మాయికి ఆ రోజు చాక్లెట్ కొనిచ్చాను. మే నెల 42 డిగ్రీల ఎండలో ట్యాంకులో గాలి 315 కెల్విన్ అనుకుందాం. మాక్ 2.1 అందుకున్నాక దాని ఉష్ణోగ్రత 167 కెల్విన్, మైనస్ 106 సెల్సియస్. నిజంగానే అంత చలి. కానీ మీ చేయి ఆ గాలిని ఆపేస్తుంది. ఆగిన గాలి వేగమంతా మళ్లీ వేడిగా మారి, టోటల్ టెంపరేచర్ దాదాపు మొత్తం వెనక్కి వస్తుంది. చేతికి తగిలేది ఆ తిరిగొచ్చిన ఉష్ణోగ్రతే. కదిలే గాలితో పాటు పరిగెత్తే థర్మామీటర్ ఉంటే మైనస్ 106 చూపించేది. ఒక్క మాట, వేళ్లు ఆ రంధ్రానికి దగ్గరగా పెట్టొద్దు, చర్మంలోకి గాలి దూరితే ఆసుపత్రి పాలవుతారు.

ప్రశ్న: ఫ్యాన్ పోయి దేనికైనా తగిలితే?

గట్టి గోడకు తగిలితే ఫ్యాన్‌గానే తిరిగొస్తుంది. పీడనం మారని సరిహద్దుకు, అంటే జెట్ అంచుకు తగిలితే తలకిందులై కంప్రెషన్ తరంగాలుగా తిరిగొస్తుంది. ఎందుకంటే ఆ అంచు దగ్గర పీడనం బయటి పీడనంతో సమానంగా ఉండి తీరాలి. ఫ్యాన్ తగ్గించుకొచ్చినదాన్ని ఎవరో పెంచాలి. అలా పెరిగి, తగ్గి, పెరిగి, తగ్గి, ఫైటర్ జెట్ ఇంజిన్ మంటలో వరసగా కనిపించే వజ్రాలు వస్తాయి. పెంపూ తగ్గింపూ రెండూ అందులో ఉన్నా వాటికి షాక్ డైమండ్స్ అని పేరు. సగం పేరు మన ఫ్యాన్‌కు దక్కాల్సింది.

ప్రశ్న: సోనిక్ బూమ్‌లో దీని వాటా ఏమైనా ఉందా?

ఉంది. 2020 మే 20న బెంగళూరు మొత్తం ఉలిక్కిపడింది, అది ఎయిర్‌ఫోర్స్ పరీక్షా విమానం సూపర్‌సోనిక్‌గా పోవడం వల్ల వచ్చిన శబ్దమని తర్వాత ప్రకటించారు. అలాంటి విమానం కింద నేల మీద పీడనాన్ని గీస్తే ఇంగ్లీషు ఎన్ అక్షరంలా ఉంటుంది. ముక్కు షాక్‌తో పైకి ఎగురుతుంది, మధ్యలో వాలుగా జారి వాతావరణ పీడనం కంటే కిందికి పోతుంది, తోక షాక్‌తో మళ్లీ మామూలు స్థితికి వస్తుంది. మధ్యలో ఉన్న ఆ వాలు గీత ఎక్స్‌పాన్షన్ పని. చెవికి షాక్‌లే వినిపిస్తాయి, దభ్ దభ్ అని రెండుసార్లు. ఎగుడు ఎంతనుకున్నారు? కాంకర్డ్‌ది నేల మీద సుమారు 100 పాస్కల్, వాతావరణ పీడనంలో వెయ్యో వంతు.

ప్రశ్న: గోడను ఎంత తిప్పినా గాలి తిరుగుతుందా?

లేదు. మాక్ 1తో మొదలైతే గరిష్ఠం 130.45 డిగ్రీలు. మాక్ 2తో మొదలైతే అందులో 26.38 ఇప్పటికే ఖర్చయింది, 104 మిగిలింది. అక్కడికి పీడనం సున్నా, ఉష్ణోగ్రత సున్నా, గోడకూ గాలికీ మధ్య శూన్యం. కాగితం మీద మాటే ఇది, నిజమైన గాలి అంతకంటే ముందే ద్రవమవుతుంది, లేదా అణువుల మధ్య దూరం మరీ పెరిగి మన సూత్రాలు చెల్లకుండా పోతాయి. వాయువును బట్టి ఈ హద్దు మారుతుంది. హీలియం, గామా 5/3 కాబట్టి, సరిగ్గా 90 డిగ్రీలు. గామా 1.2 ఉన్న రాకెట్ వాయువులకు 208. రాకెట్ పైకి పోయేకొద్దీ దాని మంట గొడుగులా ఎందుకు విచ్చుకుంటుందో శ్రీహరికోట ప్రయోగం టీవీలో చూసేటప్పుడు గుర్తు చేసుకోండి.

ప్రశ్న: ప్రాంట్ల్ తెలుసు, మేయర్ ఎవరు?

జర్మనీలోని గోటింగెన్‌లో ప్రాంట్ల్ దగ్గర చదివిన థియోడర్ మేయర్. 1908లో ఆయన డాక్టరేట్ థీసిస్‌లో ఈ ఫంక్షన్ ఉంది, వాలు షాక్ లెక్కలూ ఉన్నాయి. మనిషి తిన్నగా ఎగురుతూ ధ్వనిని దాటింది 1947లో. థీసిస్ తర్వాతి కాలంలో మేయర్ బడిలో లెక్కల పంతులుగా బతికాడు.

ప్రశ్న: టైరు పేలినప్పుడు కూడా ఎక్స్‌పాన్షన్ వేవ్ అంటారు. అదీ ఇదీ ఒకటేనా?

పేరొకటే, లెక్క వేరు. టైరు చిరిగినప్పుడు బయటికి ఒక షాక్, లోపలికి ఒక ఎక్స్‌పాన్షన్ వేవ్ పరిగెత్తుతాయి. అది కాలంతో మారే ప్రవాహం. ఎంట్రోపీ అక్కడా మారదు కానీ పీ0 మారుతుంది, టోటల్ టెంపరేచర్ కూడా మారుతుంది. ఈ పేజీలో ఉన్న అటూ ఇటూ పీ0 ఒకటే అనే సూత్రాన్ని అక్కడ వాడకండి.

ప్రశ్న: అన్నీ సరిగ్గానే వేశాను సార్, న్యూ మాత్రం 0.46 వస్తోంది.

కాలిక్యులేటర్ రేడియన్ మోడ్‌లో ఉంది. 57.3తో గుణించండి, 26.38 వస్తుంది.